వెనక్కి జారుతూ ముందుకొచ్చినవాడు

ఐస్ హాకీలో డిఫెండర్‌కి మొదటినుంచీ రెండు చిక్కులు. మొదటిది అందరికీ కనిపించేదే. ఎదుటివాడు స్కేట్ల మీద దూసుకొస్తుంటాడు. అతని కర్ర కొసన మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్లటి రబ్బరు బిళ్ల. దాన్నే పక్ అంటారు. డిఫెండర్ అతనికి ఎదురుగా ముఖం పెట్టి వెనక్కి జారాలి, దారి మూయాలి, గోల్ దగ్గరికి రానివ్వకూడదు. రెండోది చాలాకాలం ఎవరికీ చిక్కుగానే తోచలేదు. పక్ దొరికింది సరే, తర్వాత ఏం చెయ్యాలి? దూరంగా విసిరి పారేయాలన్నది తాతల నాటి సమాధానం. అది సరైంది కాదని ఒప్పుకోవడానికి ఆటకు వందేళ్లకు పైనే పట్టింది.

పచ్చిక మీద హాకీ మాత్రమే చూసినవాళ్ల కోసం ఒక మాట ముందే చెప్పాలి. మంచు మీద జట్టుకు గోల్‌కీపర్ కాక అయిదుగురే. వాళ్లలో ఇద్దరు డిఫెండర్లు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉండే రింక్ చుట్టూ గోడ ఉంటుంది కాబట్టి పక్ బయటికి పోవడం తక్కువ, ఆట ఆగడమూ తక్కువే. ఆ వేగానికి ఊపిరి నిలవదు. అందుకే ఒక్కొక్కరు ముప్పావు నిమిషం ఆడి బెంచీ మీదికి వచ్చేస్తారు, వాళ్ల చోట ఇంకొకరు దూకుతారు.

1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో, కప్పు కింద, జట్టుకు తొమ్మిదిమందితో ఒక మ్యాచ్ జరిగింది. నేటి ఐస్ హాకీ కథను చాలామంది అక్కడే మొదలుపెడతారు. పోనుపోను తొమ్మిది ఏడయింది. గోల్‌కీపర్ ముందు ‘పాయింట్’ అనే ఆటగాడు, అతని ముందు ‘కవర్ పాయింట్’. ఇద్దరూ పక్కపక్కన నిలబడేవాళ్లు కాదు. గర్భగుడికి ఎదురుగా బలిపీఠం, ధ్వజస్తంభం ఉన్నట్టు ఒకే వరసలో ఉండేవాళ్లు, ఇంచుమించు అంత కదలకుండానూ. అప్పటి నియమం ప్రకారం ముందున్న సహచరుడికి పక్ అందించకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. వెనకనున్న డిఫెండర్‌కి ఇక మిగిలిందల్లా పక్‌ను గాల్లోకి లేపి అవతలి కొసకు కొట్టడమే. కొట్టి, అది మళ్లీ తన మీదికి వచ్చేదాకా ఎదురుచూసేవాడు.

ఆ వరసను మొదట చెదరగొట్టినవాళ్లలో లెస్టర్ పాట్రిక్ పేరు నిలిచింది. 1904 ప్రాంతంలో మానిటోబాలోని బ్రాండన్ జట్టుకు ఆడుతూ, వెనక ఉండాల్సిన ఈ పొడగరి పక్ దొరకగానే దాన్ని తీసుకుని తనే ముందుకు పరుగెత్తడం మొదలుపెట్టాడు. జనానికి అది తెగ నచ్చింది. అయితే ఒక్కడు చేసినంత మాత్రాన ఆట మారదు, నియమం మారాలి. ఆ అవకాశం కూడా లెస్టర్‌కే దక్కడం ఈ కథలోని మొదటి అదృష్టం. తండ్రి జోసెఫ్ పాట్రిక్ కలప వ్యాపారం అమ్మేశాడు. ఆ డబ్బుతో లెస్టర్, తమ్ముడు ఫ్రాంక్ 1911లో పడమటి తీరాన సొంతంగా ఒక లీగ్ పెట్టి, వాంకూవర్‌లో, విక్టోరియాలో కెనడాకే మొదటివైన కృత్రిమ మంచు రింక్‌లు కట్టారు. లీగ్ వాళ్లది, రింక్ వాళ్లది, ఆటగాళ్లూ వాళ్లే. ఏది తోస్తే అది ప్రయత్నించే స్వేచ్ఛ అంతకంటే ఇంకెవరికి ఉంటుంది? 1913-14 సీజన్‌లో మంచు మీద అడ్డంగా రెండు నీలి గీతలు గీయించారు. రింక్ మూడు భాగాలయింది, నడిమి భాగంలో ముందుకు పాస్ ఇవ్వొచ్చన్నారు.

తూర్పు కెనడా వాళ్లు మొదట దీన్ని పట్టించుకోలేదు. 1917లో పుట్టిన నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, ఆ మరుసటేడు నీలి గీతలను తెచ్చుకుంది. మిగతా రెండు భాగాల్లో మాత్రం చాలాకాలం పాత కట్టడే నడిచింది. ఫలితం గోల్స్ కరువు. 1928-29లో మాంట్రియల్ గోల్‌కీపర్ జార్జ్ హైన్స్‌వర్త్ 44 మ్యాచ్‌ల్లో 22 సార్లు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ముగించాడు. చూసేవాళ్లు ఆవలిస్తున్నారని గ్రహించిన లీగ్, తర్వాతి సీజన్‌లో మూడు భాగాల్లోనూ ముందుకు పాస్ ఇవ్వొచ్చని తలుపులు బార్లా తెరిచింది. ఫార్వర్డ్‌లు వెళ్లి ఏకంగా ఎదుటివాళ్ల గోల్ ముందు కాపురం పెట్టారు. గోల్స్ వరదైపోయాయి. కంగారుపడి, డిసెంబరులోనే ఇంకో నియమం చేర్చారు: పక్ కంటే ముందు ఎవరూ ఎదుటివాళ్ల నీలి గీత దాటకూడదు. ఆ నీలి గీత ఆనాటినుంచి డిఫెండర్‌కి ప్రాణంతో సమానమైన గీత. దాన్ని కాయడంలోనే అతని పనితనం సగం ఉంది. కానీ ఆ సంగతి లెక్కల్లో తేలడానికి ఇంకో ఎనభై ఏళ్లు ఆగాలి.

బోస్టన్ డిఫెండర్ ఎడ్డీ షోర్ 1930ల్లో పక్ పట్టుకుని ఉరుములా వెళ్లేవాడు, అడ్డొచ్చినవాళ్లను పడగొట్టేవాడు. లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ నాలుగుసార్లు గెలిచాడు. అది బలం కథ. తెలివి కథ మాంట్రియల్ కెనడియన్స్ జట్టు డిఫెండర్ డగ్ హార్వీతో మొదలవుతుంది.

హార్వీ చేసిన పని వినడానికి చిన్నదే. పక్ దొరికాక తొందరపడేవాడు కాదు. తన గోల్ ముందే, ప్రత్యర్థి మీదికొస్తున్నా, నింపాదిగా తలెత్తి చూస్తూ నిలబడేవాడు. బెంచీ మీద కోచ్‌కి గుండె జారేది. వచ్చినవాడు సరిగ్గా దగ్గరయ్యే క్షణంలో పక్ అతని పక్కనుంచి జారి ఖాళీగా ఉన్న సహచరుడికి చేరేది. ఆట నెమ్మదించాలన్నా, ఊపందుకోవాలన్నా హార్వీ చెప్పినట్టే జరిగేది. 1956 నుంచి 1960 దాకా వరసగా అయిదుసార్లు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన ఆ జట్టుకు ఇరుసు అతనే. ఉత్తమ డిఫెండర్‌కిచ్చే నారిస్ ట్రోఫీని 1954లో మొదలుపెట్టారు. హార్వీ దాన్ని ఏడుసార్లు అందుకున్నాడు. ఎదుటి జట్టులో ఒకరు తప్పు చేసి పెనాల్టీ మీద బయట కూర్చున్నప్పుడు, నీలి గీత దగ్గర హార్వీ నిలబడి నడిపే దాడికి అడ్డే ఉండేది కాదు. ఒకే పెనాల్టీలో రెండు మూడు గోల్స్ పడిపోయేవి. దాంతో 1956లో లీగ్ నియమాన్నే మార్చి, చిన్న పెనాల్టీ పడ్డవాడు తన జట్టు మీద ఒక గోల్ పడగానే తిరిగి ఆటలోకి రావచ్చని చెప్పింది. ఒక జట్టును అందుకోవడానికి ఆట చట్టం మార్చాల్సి వచ్చిందంటే అంతకు మించిన కితాబు ఏముంటుంది?

అయినా హార్వీ వెనకే ఉండేవాడు. ముందుకు వెళ్లేది అతని పాస్, అతను కాదు.

1961 వసంతంలో బోస్టన్ బ్రూయిన్స్ పెద్దలు కొందరు ఒంటారియోలోని గనానోక్వే అనే చిన్న ఊరికి పిల్లల మ్యాచ్ చూడటానికి వెళ్లారు. వాళ్లు చూడాలనుకున్న కుర్రాళ్లు వేరు. మ్యాచ్ మొదలైన కాసేపటికి ఆ కుర్రాళ్ల సంగతే మరిచిపోయారు. ఎదుటి జట్టులో వయసుకు చిన్నగా ఉన్న ఒక పన్నెండేళ్ల పిల్లాడి దగ్గరే పక్ ఎప్పుడూ ఉంటోంది. ప్యారీ సౌండ్ ఊరివాడు, పేరు బాబీ ఓర్. ఇక్కడ రెండో అదృష్టం చెప్పుకోవాలి. ఆ రోజు అక్కడున్న బోస్టన్ జనరల్ మేనేజర్ లిన్ పాట్రిక్ ఎవరో కాదు, బ్రాండన్‌లో వరస తప్పి ముందుకు పరుగెత్తిన లెస్టర్ కొడుకే.

అంత వేగమున్న పిల్లాణ్ని ఎవరైనా ఫార్వర్డ్‌గా ఆడిస్తారు. ప్యారీ సౌండ్‌లో అతనికి ఆట నేర్పిన బకో మెక్‌డొనాల్డ్ మాత్రం స్వయంగా ఎన్‌హెచ్‌ఎల్ డిఫెండర్‌గా ఆడి వచ్చినవాడు. పిల్లాణ్ని డిఫెన్స్‌లో పెట్టి, పక్ దొరికితే తీసుకుని వెళ్లిపొమ్మన్నాడు. వెనకనుంచి బయల్దేరితే ఎదురుగా రింక్ మొత్తం కనిపిస్తుంది, వేగం పుంజుకోవడానికి చోటు ఉంటుంది. నా మటుకు నాకు ఈ కథలో ఎవరి విగ్రహమైనా పెట్టాలంటే అది ఈ చిన్న ఊరి కోచ్‌దే అనిపిస్తుంది. ఆయన ఆ ఒక్క మాట అనకపోతే ఓర్ మంచి ఫార్వర్డ్‌గా మిగిలిపోయేవాడు. మంచి ఫార్వర్డ్‌లు అప్పటికే బోలెడుమంది.

బోస్టన్ మనిషి రెన్ బ్లెయిర్ ఆ ఇంటి చుట్టూ నెలల తరబడి తిరిగాడు. చివరికి కుదిరిన ఒప్పందంలో ఇంటి గోడలకు కొత్త పూత వేయించడం కూడా ఒక షరతు. పద్నాలుగేళ్లకే ఓర్ తనకంటే చాలా పెద్దవాళ్లతో ఓషావా జనరల్స్‌కు ఆడాడు. 1966లో పద్దెనిమిదేళ్లకు బోస్టన్ చేరేసరికి ఆ జట్టు ఏళ్ల తరబడి ప్లేఆఫ్ మొహం చూడకుండా అడుగున పడి ఉంది. మొదటి ఏడే ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఆ ఏడు నారిస్ ట్రోఫీ గెలిచిన న్యూయార్క్ డిఫెండర్ హ్యారీ హోవెల్, ఇప్పుడు గెలవడం మంచిదైంది, ఇకమీదట ఇది ఆ కుర్రాడిదేనని అన్నాడు. అన్నట్టే 1968 నుంచి 1975 దాకా ఎనిమిదేళ్లు వరసగా ఓర్‌దే.

ఒక డిఫెండర్ సీజన్‌లో కొట్టిన గోల్స్ రికార్డు అప్పటికి ఇరవై. 1969లో ఓర్ ఇరవై ఒకటి చేశాడు. మరుసటి సీజన్‌లో ముప్పై మూడు గోల్స్, ఎనభై ఏడు అసిస్టులు (సహచరుల గోల్స్‌కు దారితీసిన పాస్‌లు), మొత్తం 120 పాయింట్లతో లీగ్‌లోని ఫార్వర్డ్‌లందరినీ దాటేశాడు. పాయింట్ల పట్టికలో ఒక డిఫెండర్ మొదట నిలవడం అదే తొలిసారి. 1970 మే 10న బోస్టన్ గార్డెన్‌లో ఫైనల్ అదనపు సమయంలోకి వెళ్లింది. నలభై సెకన్లకు ఓర్ ఎదుటివాళ్ల నీలి గీత దగ్గరి తన కాపలా వదిలి గోల్ ముందుకు దూసుకొచ్చి, డెరెక్ శాండర్‌సన్ ఇచ్చిన పాస్‌ను లోపలికి తోశాడు. ఎదుటి జట్టు సెయింట్ లూయిస్ డిఫెండర్ కర్ర తగిలి ఓర్ గాల్లోకి లేచాడు. చేతులు చాచి నేలకు సమాంతరంగా ఎగురుతున్న ఆ క్షణాన్ని రే లూసియర్ తీసిన ఫొటో హాకీలో అన్నిటికంటే పేరున్నది. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత కప్పు బోస్టన్‌కి వచ్చింది.

గోల్స్ కంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకో అంకె. ఒక ఆటగాడు మంచు మీద ఉన్నప్పుడు తమ జట్టు కొట్టిన గోల్స్‌లోంచి పడ్డ గోల్స్ తీసేస్తే వచ్చేదాన్ని ప్లస్-మైనస్ అంటారు. 1970-71లో ఓర్‌ది ప్లస్ 124. ఆ అంకెను ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. ముందుకు వెళ్తే వెనక ఖాళీ అవుతుందన్న పాత భయానికి ఇంతకంటే సూటి జవాబు లేదు. పక్ అతని దగ్గర ఉన్నంతసేపూ ఎదుటివాళ్లు గోల్ కొట్టలేరు, అంతే. తమ జట్టులో ఒకరు తక్కువైనప్పుడు కూడా పక్‌ను తన కర్రకే అంటించుకున్నట్టు తిప్పుతూ సమయం గడిపేసేవాడు.

అంతా బాగుంటే కథ ఇక్కడే ముగిసేది. ఓర్ ఎడమ మోకాలు నిలవలేదు. ఆపరేషన్ మీద ఆపరేషన్. 1972లో కెనడా ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు, సోవియట్ యూనియన్ తొలిసారి హోరాహోరీ తలపడ్డ ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఆడలేకపోయాడు. 1978లో ముప్పై ఏళ్లకే ఆట వదిలేశాడు. ప్రతి జట్టూ మరో ఓర్ కోసం వెతికింది, దొరకలేదు. ఎడ్మంటన్ డిఫెండర్ పాల్ కాఫీ 1985-86లో నలభై ఎనిమిది గోల్స్‌తో ఓర్ పేరిట ఉన్న నలభై ఆరు గోల్స్ రికార్డును దాటాడు. కానీ అంతటి స్కేటింగ్ కొందరికే పుట్టుకతో వస్తుంది. మామూలు డిఫెండర్ ఏం చెయ్యాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

జవాబు ఓర్ ఆడలేకపోయిన ఆ ఎనిమిది మ్యాచ్‌ల్లోనే సగం కనిపించింది. సోవియట్ హాకీని తీర్చిదిద్దిన అనతోలీ తరాసోవ్ దృష్టిలో అయిదుగురూ ఒక దండు. కలిసి ముందుకు పోతారు, కలిసి వెనక్కి వస్తారు. ఒక డిఫెండర్ ముందుకెళ్తే ఒక ఫార్వర్డ్ అతని చోటికి వస్తాడు. మీదికి ఎవరైనా వస్తే పక్ విసిరేయరు, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడతారు. ఆ సిరీస్ ఎనిమిదో మ్యాచ్ చివర్లో, ముప్పై నాలుగు సెకన్లు మిగిలుండగా పడ్డ గోల్‌తో కెనడా గట్టెక్కింది. గెలిచామన్న ఆనందంలో చాలామంది ఆ పాఠం చదవలేదు.

చదవకపోగా 1990ల్లో ఆట వెనక్కి నడిచింది. జాక్ లెమేర్ కోచ్‌గా ఉన్న న్యూజెర్సీ డెవిల్స్ నడిమి భాగంలో వల పన్నినట్టు నిలబడి, ఎవర్నీ దాటనివ్వకుండా 1995లో కప్పు గెలిచింది. ఆటను వేగం చేయడానికి 1943లో మధ్యలో గీసిన ఎర్ర గీతే ఇప్పుడు ఆ వలకు ఊతమైంది, ఎందుకంటే సొంత భాగంలోంచి ఆ గీత దాటేలా పాస్ ఇవ్వకూడదు. మిగతా జట్లూ అదే దారి పట్టాయి. పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న డిఫెండర్లకు గిరాకీ పెరిగింది. కర్రతో కొక్కెం వేసి లాగినా, చెయ్యి అడ్డం పెట్టినా రిఫరీలు చూసీచూడనట్టు ఊరుకున్నారు.

ఆ మొరటు రోజుల్లోనే డెట్రాయిట్‌లో ఒక స్వీడన్ వాడు నిశ్శబ్దంగా ఆడుతున్నాడు. 1989లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో 53వ వాడిగా ఎంపికైన నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్. పక్కనే, అదే జట్టులో, సోవియట్ బడిలో ఎదిగిన ఫెతిసోవ్ తదితర అయిదుగురు రష్యన్లను కోచ్ స్కాటీ బౌమన్ ఒకేసారి మంచు మీదికి దింపేవాడు. లిడ్‌స్ట్రోమ్ ఎవర్నీ గుద్దేవాడు కాదు. ఎదుటివాడికీ తనకూ మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉంచి, కర్రను సరైన చోట పెట్టి, అతనంతట అతనే గోడ వైపు పోయేలా చేసేవాడు. తర్వాత ఒక పాస్, తలనొప్పి తీరిపోయేది. మూడేళ్లు వరసగా నారిస్‌లో రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2001లో గెలిచాక మరో ఆరు గెలిచి హార్వీతో సమానమయ్యాడు. 1,564 మ్యాచ్‌ల్లో అతని పెనాల్టీలు మొత్తం 514 నిమిషాలు. పుట్టుకతో వచ్చే మెరుపు లేకపోయినా నేర్చుకోగలిగిన దారి ఒకటుందని చూపింది లిడ్‌స్ట్రోమే.

యజమానులకూ ఆటగాళ్లకూ డబ్బు తగాదా ముదిరి 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. మళ్లీ తెరుచుకునేసరికి నియమాలు మారాయి. ఎర్ర గీత దాటే పాస్‌కు అనుమతి వచ్చింది, కర్రతో లాగితే పెనాల్టీ ఖాయమైంది. బరువే బలంగా బతికిన డిఫెండర్లు ఒక్క ఏడాదిలో తెల్లముఖం వేశారు.

ఆఖరి ముడి విప్పినవాళ్లు స్కేట్లు కట్టినవాళ్లు కాదు, లెక్కలు వేసినవాళ్లు. గోల్స్ అరుదుగా పడతాయి కాబట్టి అదృష్టం లెక్క చెడగొడుతుంది. దానికి బదులు గోల్ వైపు కొట్టిన ప్రతి షాట్‌నూ, అడ్డుపడ్డవీ గురి తప్పినవీ కలిపి, లెక్కపెడితే? బఫెలో జట్టు గోల్‌కీపింగ్ కోచ్ జిమ్ కోర్సి తన గోల్‌కీపర్ శ్రమను కొలవడానికి అలాగే లెక్కపెట్టేవాడు. ఆ జట్టు అలా లెక్కపెడుతోందని టిమ్ బార్న్స్ అనే అభిమాని విన్నాడు. ఆ కొలతకు పేరు కావలసి వచ్చి, ఫొటోలో కోర్సి మీసాలు నచ్చి ఆయన పేరే పెట్టేశాడు. నేడు బాగా వాడుకలో ఉన్న కొలతకు పేరు వచ్చింది అలా.

ఎరిక్ టల్స్కీ రసాయన శాస్త్రంలో బర్క్‌లీ డాక్టరేట్. పగలు నానోటెక్నాలజీ ఉద్యోగం, తీరిక వేళల్లో హాకీ. పక్ నీలి గీత దాటిన ప్రతిసారీ ఎలా దాటిందో అభిమానులు వీడియోలు చూస్తూ రాసిన లెక్కలను ఆయన 2010 తర్వాత జాగ్రత్తగా తూచాడు. పక్‌ను లోపలికి విసిరి దాని వెంట పరుగెత్తడం కోచ్‌లు తరతరాలుగా నేర్పిన పద్ధతి. కర్రతో పట్టుకుని లోపలికి వెళ్తే దానికంటే రెట్టింపుకు పైగా షాట్లు వస్తున్నాయని తేలింది. దీన్నే డిఫెండర్ వైపునుంచి తిప్పి చదవండి. ఎదుటివాణ్ని తన నీలి గీత దగ్గరే నిలదీసి, పక్‌ను వదిలేసేలా చేసేవాడు సగం దాడిని అక్కడే చంపేస్తున్నాడు. తనకు పక్ దొరికాక విసిరేసేవాడు ఎదుటివాళ్లకు దాన్ని దానం చేస్తున్నాడు. కరోలినా హరికేన్స్ టల్స్కీని పిలిచి పని ఇచ్చింది. 2024లో ఆయన ఆ జట్టుకే జనరల్ మేనేజర్ అయ్యాడు.

లెక్క తేలినంత తొందరగా మనసులు మారవు. 2012లో ఒటావాకు చెందిన ఎరిక్ కార్ల్‌సన్ 78 పాయింట్లు చేశాడు. డిఫెండర్లలో అతని తర్వాతివాళ్లకు 53. అయినా నారిస్ ట్రోఫీ కొద్ది ఓట్ల తేడాతోనే వచ్చింది. వీడు డిఫెండరేనా అని చాలామంది విసుక్కున్నారు. పదేళ్ల తర్వాత కొలరాడోకి చెందిన కేల్ మకార్ నారిస్‌తో పాటు, ఇరవై ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో 29 పాయింట్లతో ప్లేఆఫ్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ కూడా ఎత్తుకెళ్లినప్పుడు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఒకప్పుడు 6 అడుగుల 9 అంగుళాల జ్డెనో చారా గెలిచిన నారిస్‌ను 2024లో 5 అడుగుల 10 అంగుళాల క్విన్ హ్యూస్ గెలిచాడు.

అందరూ మకార్‌లు కానక్కర్లేదు కూడా. టల్స్కీ నడిపే కరోలినాలోనే జేకబ్ స్లావిన్ ఉన్నాడు. గోల్స్ తక్కువ, మెరుపులు తక్కువ. ఎదుటి జట్టులో గొప్ప ఫార్వర్డ్‌లను కాయడమే అతని పని. 2020-21 సీజన్ మొత్తంలో అతను కూర్చున్న పెనాల్టీ రెండే రెండు నిమిషాలు. నన్నడిగితే ఈ కాలపు డిఫెండర్‌ను చూడాలంటే మకార్ కంటే ముందు స్లావిన్‌నే చూడాలి.

టొరంటోలోనో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఎప్పుడైనా మ్యాచ్‌కు తీసుకెళ్తే, కాసేపు పక్ మీదనుంచి చూపు తిప్పండి. వెనక గోడ దగ్గరికి పక్ కోసం పరుగెత్తే డిఫెండర్‌ను చూడండి. పక్ అందుకోకముందే భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూశాడంటే, అతను విసిరి పారేయడానికి వెళ్లడం లేదన్నమాట.